టోపీ మీది గుర్తు

సర్వాంగములకును శిరస్సు ప్రధానమని పెద్దలు చెప్పుదురు. అందుచేతనే తలపై ధరించు వస్త్రమునకు తక్కిన ఉడుపులకు లేని గౌరవము అనాదిగా కలిగినది. ఉత్తరీయము జారినచో సవరించుకొందురు. తలపాగ జారినచో పరువే జారినదందురు. కష్టకాలమున ఎదుటివాని పాదములకడ తలపాగ తీసి పెట్టుటకు మించిన వేడుకోలు మన పల్లెలలో లేదు.

టోపీ సంగతి కొంత వేరు. ఈ మాట మన భాషలో చేరిన పిమ్మట దానికి రెండవ యర్థమొకటి పుట్టినది. ఒకనికి టోపీ వేయుటయనగా వానిని మోసగించుట. కుచ్చు టోపీ యన్నచో ఆ మోసము మరింత ఘనమైనదని భావము. పాగకు లేని యీ యపకీర్తి టోపీకేల కలిగినది? మాట పుట్టుకకు కారణమేదైనను ఒక్క భేదము మాత్రము గమనింపదగియున్నది. పాగను ఎవరిది వారు చుట్టుకొందురు. టోపీని మాత్రము ఒకరు సిద్ధముచేసి తెచ్చి మరియొకరి తలపై నుంచవచ్చును. కావున టోపీ చరిత్ర చదువువారు మొదట నడుగవలసిన ప్రశ్న ఇది: దానిని పెట్టినవారెవరు? పెట్టుకొన్నవారు దానికై యిచ్చిన వెల యెంత?

నేడు పట్టణముల యుత్సవములలోను, విద్యాలయ గ్రంథాలయముల రజతోత్సవ స్వర్ణోత్సవములలోను సేవకులకు నూలు టోపీలు పంచుట వాడుకయైనది. టోపీ ముందుభాగమున ఆ యూరి చిహ్నమో, సంస్థ చిహ్నమో, గడచిన సంవత్సరముల సంఖ్యయో రంగుదారముతో కుట్టబడియుండును. ఉత్సవము ముగిసిన మరునాడు అది చిలకకొయ్యకు చేరును. వెలకు స్వల్పమైనను ఆ చిహ్నము వంశమున మాత్రము గొప్పది. రాజసభలు, విప్లవములు, చెరసాలలు దాని పూర్వచరిత్రలో నున్నవి.

రాజు పెట్టిన కుళ్ళాయి

తెలుగువారి చరిత్రలో మొదట పేరుగాంచిన టోపీ కుళ్ళాయి. ఇది పారసీకపు 'కులాహ్' అను మాటనుండి వచ్చినది. అంచులు లేక, కోసుగా, ఎత్తుగా నుండు టోపీ అది. దానితోపాటు ధరించు నిలువుటంగీకి కబాయి యని పేరు. ఆ మాటకు మూలము అరబ్బీ. పశ్చిమాసియా రాజసభలలో మర్యాదగా వెలసిన యీ వేషము దక్కనునకు వచ్చి విజయనగర సభలో స్థిరపడినది. ఆ కాలమున సుల్తానులకును రాయలకును యుద్ధములు జరుగుచునే యుండెను. అయినను సభామర్యాదలు ఒకరినుండి యొకరికి ప్రాకుటకు ఆ యుద్ధములు అడ్డురాలేదు.

శ్రీనాథ కవిసార్వభౌముడు ప్రౌఢదేవరాయల దర్శనమునకై విజయనగరము పోయిన కథ తెలియని సాహిత్యాభిమాని యుండడు. అక్కడ తాను కుళ్ళాయి పెట్టి, పెద్ద అంగీ తొడిగి, అలవాటులేని భోజనము చేసి పడిన పాట్లను కన్నడ రాజ్యలక్ష్మితో మొరపెట్టుకొన్నట్లు ఆయన పేర ఒక చాటువు ప్రసిద్ధమై యున్నది. నవ్వు పుట్టించు ఆ పద్యము వెనుక ఒక సత్యము కలదు. ఎంతటి మహాకవియైనను ఆ సభలో నడుగుపెట్టవలెనన్న ఆ సభవారి టోపీ తలకెక్కింపవలసినదే. విద్య లోపలనుండి వచ్చినది; టోపీ మాత్రము బయటినుండి వచ్చినది.

క్రీ. శ. 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, శ్రీకృష్ణదేవరాయలు జరీపనిగల టోపీ ధరించెనని వర్ణించెను. అచ్యుతరాయల కాలమున వచ్చిన నూనిజ్ అను గుఱ్ఱముల వర్తకుడు ఆ టోపీకి దేశీయులు వాడు పేరును కూడ తన వ్రాతలో చేర్చెను. లేపాక్షి వీరభద్రాలయపు పైకప్పు చిత్రములలో ప్రభుపురుషులు పొడవైన కుళ్ళాయిలతో నిలిచియున్నారు. వాటి మీది బుటాలు, చారలు నేటికిని కొంతవరకు కనబడుచున్నవి.

తిరుమల ఆలయమున మహాద్వారము దాటినంతనే తిరుమలదేవీ చిన్నదేవీ సమేతుడై శ్రీకృష్ణదేవరాయల లోహవిగ్రహము చేతులు జోడించి నిలిచియుండును. స్వామి సన్నిధికి వచ్చిన రాయలు అంగీ విడిచినాడు; వక్షస్థలమున వస్త్రము లేదు. తలపై కుళ్ళాయి మాత్రము అట్లే యున్నది. అంగీని విడిచియు టోపీని విడువని ఆ మూర్తిని చూచినచో, ఆనాటి ప్రభువునకు కుళ్ళాయి ఎంతటి స్వరూపలక్షణమైనదో తెలియును.

రాజ్యము పోయినది, కుళ్ళాయి పోయినది, మాట మాత్రము మిగిలినది. అనంతపురము జిల్లా గూగూడులో మొహరము దినములలో హిందువులును ముస్లిములును కలిసి కొలుచు స్వామికి కుళ్ళాయిస్వామి యని పేరు. కుళ్ళాయప్ప, కుళ్ళాయమ్మ యను పేర్లు ఆ సీమలో ఇంటింట వినవచ్చును. రాజు తలనుండి దిగిన టోపీ రైతుబిడ్డల పేర్లలో నిలిచినది.

అయినను కుళ్ళాయిపై మెరసిన జలతారు ఎవరిని గూర్చి చెప్పుచుండెను? ప్రభువునకు వీడెంత దగ్గరివాడో చెప్పుచుండెను. దానిని ధరించినవాడు ప్రభువునకు చెందినవాడు. ఊరికి, జనమునకు చెందినవాడను గుర్తు తలపైకి వచ్చుటకు వేరొక మార్గము కావలసివచ్చినది. ఆ మార్గమును చూచుటకు పడమటి దేశముల వైపు కొంతదూరము పోవలయును.

పౌరులు పెట్టుకొన్న టోపీ

ప్రాచీన రోమునందు బానిసకు విముక్తి కలిగినపుడు తల గొరిగించుకొని ఒక చిన్న టోపీ ధరించుట ఆచారము. ఉన్నితో చేసిన ఆ టోపీకి వారు పిలియస్ అని పేరిడిరి. నిన్నటివరకు ఒకరి సొత్తుగా లెక్కింపబడినవాడు నేటినుండి మనుష్యుడుగా లెక్కింపబడునని దాని భావము. అందుచేత ఆ టోపీయే స్వాతంత్ర్యమునకు గుర్తైనది.

క్రీ. పూ. 44 మార్చి 15న జూలియస్ సీజరు సభలో చంపబడెను. ఆ కుట్రకు నాయకులలో నొకడైన బ్రూటసు తరువాత తన సేనలకు జీతమిచ్చుటకై నాణెములు ముద్రింపించెను. వానిలో నొకదానిపై రెండు బాకులు, వాని నడుమ స్వాతంత్ర్యపు టోపీ, క్రింద ఆ మార్చి దినమును తెలుపు అక్షరములు కలవు. ఒక దినమును స్మరించుటకై టోపీని చిహ్నముగా వాడిన ప్రాచీనోదాహరణములలో నిది ప్రసిద్ధమైనది. అయితే ఆ నాణెమును త్రిప్పి చూడవలెను. రెండవవైపున నున్నది బ్రూటసు ముఖమే. రోము నాణెములపై జీవించియుండగనే తన ముఖము వేయించుకొన్న సీజరు రాజగుటకు యత్నించుచున్నాడని పగబట్టినవారిలో నొకడు, రెండేండ్లలో తన ముఖమును కూడ వేయించుకొనెను. టోపీ ఒకవైపు, అహంకారము వేరొకవైపు. క్రీ. పూ. 42లో ఫిలిప్పీ యుద్ధమున ఓడి బ్రూటసు ప్రాణము తీసికొనెను. చిహ్నమును చెక్కించుట సులభము, దాని యర్థమున జీవించుట కష్టమని ఆ చిన్న వెండి బిళ్ళ రెండువేల యేండ్లుగా చెప్పుచున్నది.

తరువాతి దృశ్యము పారిస్ నగరము, 1789 జూలై. బాస్టిలు కోట 14వ తేదీన ప్రజల వశమయ్యెను. పోరాటమున తమవారెవరో గుర్తించుటకై పౌరులు టోపీలకు రంగుల పట్టీ గుచ్చము ధరింపసాగిరి. మొదట కమీయ్ దెమూలాఁ యను యువకుని ప్రేరణతో పచ్చని ఆకులు పెట్టుకొనిరి. ఆకుపచ్చ రాజు తమ్ముని పరివారపు రంగని తెలిసి దానిని పారవైచి, తమ నగరపు రంగులైన నీలమును ఎఱుపును గైకొనిరి. 17వ తేదీన పదునారవ లూయీ రాజు నగరమందిరమునకు వచ్చినపుడు నగరాధ్యక్షుడైన బాయీ ఆ నగరచిహ్నమును రాజుచేతికిచ్చెను. రాజు దానిని తన టోపీకి గుచ్చుకొనెను.

ఈ ఘట్టము జాగ్రత్తగా గమనింపదగినది. విజయనగరమున కవి తలపై రాజు టోపీ యెక్కెను. పారిస్‌లో రాజు టోపీపై ఊరి గుర్తు ఎక్కెను. రాజవంశపు తెలుపు ఆ రెండు రంగుల నడుమ చేరి నేటి ఫ్రెంచి త్రివర్ణము ఏర్పడినది.

కాని బలవంతముగా పెట్టిన గుర్తునకు ఫలితము ఎట్లుండునో కూడ అదే చరిత్ర చెప్పినది. 1792 జూన్ 20న జనసమూహము రాజమందిరమున చొరబడి రాజుచేత ఎఱ్ఱ టోపీ ధరింపజేసెను. రాజు ధరించెను, మనసు మారలేదు. జనులకును నమ్మకము కలుగలేదు. ఆగస్టు 10న రాజరికము కూలినది. 1793 జనవరి 21న రాజు శిరస్సే తెగిపడినది. తలపై టోపీ మార్చినంతమాత్రమున తలలోని యాలోచన మారదు.

దీనికి తురుష్క దేశము మరియొక సాక్ష్యము. 1829లో సుల్తాను రెండవ మహమూదు ఉద్యోగులు పాగలు విడిచి కుచ్చుగల ఎఱ్ఱ టోపీ ధరింపవలెనని శాసించెను. మనవారు రూమీ టోపీ యని పిలిచిన దదియే. హైదరాబాదు సంస్థానమున కూడ అది పెద్దమనుష్యుల వేషమై చాలకాలము చెల్లినది. 1925 నవంబరులో కమాల్ పాషా ప్రభుత్వము అదే టోపీని చట్టముచేత నిషేధించి ఐరోపా వారి టోపీని విధించెను. ఆ చట్టము నెదిరించి ప్రాణములు కోల్పోయినవారును కలరు. ఒక శతాబ్దమున విధింపబడినది మరియొక శతాబ్దమున నిషేధింపబడినది. రెండుసార్లును తల ప్రజలది, ఆజ్ఞ ప్రభుత్వముది.

ఖైదీ టోపీ

మన దేశమున పౌరుని టోపీ పుట్టిన కథ చెరసాలతో ముడివడియున్నది. దానికి గ్రంథాలయోద్యమముతోను సంబంధము కలదు.

1908లో రాజద్రోహ నేరముపై శిక్షితుడైన తెలుగు యువకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు. బెజవాడ నుండి వెలువడిన 'స్వరాజ్య' పత్రికలో విదేశీ ప్రభుత్వమును క్రూరమైన పులితో పోల్చి వ్రాసిన వ్యాసము ఆయన నేరము. వేలూరు చెరసాలలో దొంగలకును హంతకులకును ఇచ్చు ఉడుపులే ఎం. ఏ. పట్టము పొందిన ఆయనకును ఇచ్చిరి. కాళ్ళకు సంకెళ్ళు, మెడలో కొయ్యబిళ్ళ, తలపై ఖైదీ టోపీ. మూడేండ్ల శిక్ష ముగించి వచ్చిన పిమ్మట ఆయన చదువుల విస్తరణకు, వయోజన విద్యకు, గ్రంథాలయములకు జీవితమును ధారపోసెను. 1914 ఏప్రిల్ 10న అయ్యంకి వెంకటరమణయ్య గారి కృషితో బెజవాడలో స్థాపింపబడిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమునకు తరువాతి కాలమున ఆయన చిరకాలము అధ్యక్షుడై నడపెను. నేడు పల్లెలలో గ్రంథాలయమను మాట వినబడుచున్నదన్న, దాని వెనుక ఒక ఖైదీ టోపీ కూడ నున్నదని మరువరాదు.

అదే కాలమున దక్షిణాఫ్రికాలో గాంధీజీ సత్యాగ్రహము నడపుచు పలుమారులు చెరసాలకు పోవుచుండెను. అక్కడ ఖైదీలకిచ్చిన టోపీయే తరువాతి గాంధీ టోపీకి మాతృకయని కొందరి మతము. గాంధీజీ తాను చెప్పిన కారణములను కాకా కాలేల్కరు గారు లోకమునకు తెలిపిరి. ఆయన దేశమందలి పాగలను టోపీలను అన్నిటిని పరిశీలించెనట. ఈ యెండల దేశమున తలకు కప్పు అవసరము. పాగ అందమైనదే గాని గుడ్డ చాల పట్టును. చెమట పట్టినను మురికి కనబడదు. కొన్ని ప్రాంతముల టోపీలు బిగువుగా, వికారముగా నుండును. కాశ్మీరపు టోపీ తేలికైనది, మడిచి జేబులో నుంచుకొనదగినది, కుట్టుటకు సులభమైనది. అయితే అది ఉన్నిది. దానిని నూలుతో చేయవలెను. రంగు తెలుపు కావలెను. తెలుపుపై మురికి దాగదు గనుక ధరించువాడు తరచు ఉతుకకతప్పదు.

ఈ కారణములను గృహస్థుడు లెక్కకట్టి చూచినను కాదనలేడు. పాగకు గజముల కొలది గుడ్డ కావలెను, ఈ టోపీకి చిన్న తుండు చాలును. దర్జీ లేనిచోట ఇంటి యాడువారే కుట్టగలరు. చాకలిపద్దు పెరుగదు. బీదవానికిని జమీందారునకును ఒకే కొలత, ఒకే వెల. అన్నిటికన్న ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. దానిపై ఏ బుటాయు లేదు, జలతారు లేదు, చిహ్నమేదియు కుట్టలేదు. కుట్టుపని లేకపోవుటయే దాని చిహ్నమైనది.

ఊరు, జెండా, టోపీ

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమయ్యెను. కోటి రూపాయల తిలక్ నిధి, కోటిమంది సభ్యులు, ఇరువది లక్షల రాట్నములు అను మూడు లెక్కలు అక్కడనే నిర్ణయమైనవి. మచిలీపట్టణము ఆంధ్ర జాతీయ కళాశాలకు చెందిన పింగళి వెంకయ్య గారు జాతీయ పతాకపు నమూనా సిద్ధపరచి గాంధీజీకి సమర్పించినది ఆ సమయముననే. ప్రత్తి వంగడములపై చేసిన కృషివలన ఆయనకు పత్తి వెంకయ్య యను పేరు కూడ కలిగినది. ప్రత్తి నెరిగినవాడే పతాకమును కూర్చుట తగియున్నది. ఎఱుపు ఆకుపచ్చలకు తెలుపు చేరినది, రాట్నము మధ్యకు వచ్చినది. చేనేత ఖద్దరే ఆ జెండాకు దేహమైనది. అదే ఖద్దరు తలపై టోపీయైనది. కావున చిహ్నము జెండాపై నున్నను, దాని బలము గుడ్డలోనే యుండెను.

ఆ సంవత్సరముననే చీరాల పేరాల ప్రజలు పౌరుషమును చూపిరి. మదరాసు ప్రభుత్వము ఆ గ్రామములను పురపాలక సంఘముగా చేసినది. వినుటకది గౌరవమే. ఊరికి పట్టణ హోదా, ముద్ర, కార్యాలయము వచ్చును. కాని ఆ హోదా వెనుక పన్నుల భారముండెను; నేతపనిపై బ్రతుకు బీదవారు దానిని మోయలేకపోయిరి. తాము కోరని గౌరవమును తమ నెత్తిన పెట్టుట తమకు టోపీ వేయుటయే యని వారికి తోచియుండును. బెజవాడ సభల పిమ్మట గాంధీజీ చీరాలకు వచ్చి ఊరు విడిచిపోవుట కూడ నొక ధర్మమార్గమని చెప్పెను. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వమున జనులలో అత్యధికులు ఇండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరమను పేర పాకలు వేసికొని, ఎండకును వానకును ఓర్చి పదునొకండు నెలలు నివసించిరి. 1922లో వారు తిరిగి ఇండ్లకు పోవలసివచ్చినను, ఊరికి చిహ్నమిచ్చు హక్కు ఊరివారిదని ఆ పాకలు చాటినవి.

గాంధీజీ మాత్రము తన పేరుగల టోపీని చిరకాలము ధరింపలేదు. 1921 సెప్టెంబరులో మధుర నగరమున ఆయన బీదవారితో సమముగా కొల్లాయి కట్టి అంగీని టోపీని విడిచెను. టోపీ ఆయన పేర మిగిలినది, తల ఆయనది గాదు. దానిని ధరించు భారము లక్షల జనుల తలలపైకి వచ్చినది.

1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగెను. డాక్టరు హార్డీకరు గారి కృషితో హిందూస్థానీ సేవాదళమునకు అక్కడనే అంకురార్పణ జరిగినది. ఖద్దరు ప్రదర్శన ద్వారముకడ నిలిచిన పదునాలుగేండ్ల సేవకురాలు ఒకామె టిక్కెట్టు లేదని జవాహర్‌లాల్ నెహ్రూ గారిని లోనికి పోనీయలేదు. నిర్వాహకులు టిక్కెట్టు కొని తెచ్చిన పిమ్మటనే దారి యిచ్చెను. ఆమె తరువాతి కాలపు దుర్గాబాయి దేశ్‌ముఖ్. నెహ్రూ గారు ఆ కర్తవ్యనిష్ఠను మెచ్చుకొనిరి. సేవకుని గుర్తు ధరించుటయన నేమో ఆ బాలిక ఆనాడు చూపినది.

దెబ్బలు తిన్న గుర్తు

1930లో ఉప్పు సత్యాగ్రహము దేశమంతట ప్రాకినది. మే నెల 5వ తేదీ అర్ధరాత్రి దాటిన పిమ్మట గాంధీజీని నిర్బంధించిరి. ఆ వార్త వినిన షోలాపురపు మిల్లు కూలీలు పని నిలిపి వీధులలోనికి వచ్చిరి. తెలంగాణమునుండి బ్రతుకుతెరువునకు పోయి అక్కడ స్థిరపడిన పద్మశాలి కుటుంబములు ఆ పట్టణమున వేలకొలది యుండుటచేత, ఆ కథ తెలుగువారికి పరాయిది గాదు. ప్రభుత్వము మే 12న సైనిక శాసనము విధించెను. జూను నెలాఖరు వరకు సాగిన ఆ శాసనపు దినములలో గాంధీ టోపీ ధరించుటయు, జాతీయ పతాకము పట్టుటయు శిక్షింపదగిన నేరములైనవి. నూలుగుడ్డ తుండునకు సైనిక శాసనము భయపడినది.

ఆ యేడే గుంటూరులోను గాంధీ టోపీ ధరింపరాదని అధికారులు ఆజ్ఞ నిచ్చిరి. ఆజ్ఞ వచ్చుటతోడనే టోపీకి వెల పెరిగినది. అంతకుముందు దానిని పెట్టుకొనినవాడు తన యిష్టము తెలుపుచుండెను. ఆజ్ఞ వెలువడిన పిమ్మట పెట్టుకొనినవాడు లాఠీదెబ్బకు సిద్ధమని తెలుపసాగెను. ఒకవైపు ప్రభుత్వపు ఉద్యోగుల టోపీలపై లోహపు బిళ్ళలు, కిరీటపు గుర్తులు మెరయుచుండెను. వాటిని ధరించినందుకు జీతము వచ్చుచుండెను. వేరొకవైపు ఏ గుర్తును లేని తెల్లటోపీ. దానిని ధరించినందుకు జైలు వచ్చుచుండెను. ఈ రెంటిలో దేనిని జనులు గౌరవించిరో చెప్పనక్కరలేదు.

స్వరాజ్యానంతరము

1947 ఆగస్టు 15 తరువాత టోపీ కథ మలుపు తిరిగినది. నిన్నటివరకు జైలునకు దారిచూపిన టోపీ నేడు పదవులకు దారిచూపసాగెను. దెబ్బలు తిన్నవారి తలలపై నున్నప్పుడు దానికి గుర్తు అక్కరలేకపోయెను. ఏమియు తిననివారి తలలపైకి వచ్చిన పిమ్మట అదియొక వేషమైనది. టోపీ వేయుట యను పాత జాతీయమును గాంధీ టోపీపై ప్రయోగించి నవ్వుకొను దినములు వచ్చినవి. తప్పు గుడ్డది గాదు. ఖర్చు వ్రాయక జమ మాత్రము వ్రాసికొన్న లెక్క అది.

ఇంతలో చిహ్నములు పెరిగినవి. 1950 జనవరి 26న సారనాథపు సింహములు భారత రాజ్యచిహ్నమైనవి. తెలుగు రాష్ట్రమునకు అమరావతి శిల్పములందలి పూర్ణఘటము ఆధారమైనది. 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్రము కాకతీయ తోరణమును చార్మినారును తన చిహ్నమున చేర్చుకొన్నది. ఇవి మన పూర్వుల పనితనమునకు సాక్ష్యములగుటచేత గర్వింపదగినవే. 2011లో ఢిల్లీలో అవినీతిని గూర్చి జరిగిన ఉద్యమమున వేలమంది యువకులు తెల్లటోపీపై తానే అన్నానని హిందీలో అచ్చువేయించుకొని ధరించిరి. అటుపిమ్మట పలు పక్షములవారు తమ రంగుల టోపీలను, తమ అక్షరములను వెలయించిరి. ఖాళీగా నుండుటయే గుర్తైన టోపీపై నేడు ఖాళీ దొరకుట దుర్లభము.

గుడ్డయు మారినది. జాతీయ పతాకము చేనేత ఖద్దరుతోనే యుండవలెనను నియమము 2021 డిసెంబరు 30న సవరింపబడి, యంత్రముపై నేసిన బట్టకును పాలియెస్టరునకును అనుమతి కలిగినది. టోపీ మీది చిహ్నమును కూడ నేడు యంత్రమే కుట్టుచున్నది. ఒక నమూనా నిచ్చినచో అది విసుగులేక వేల టోపీలపై ఒకే పూర్ణఘటమును, ఒకే పుస్తకమును, ఒకే దీపమును కుట్టగలదు. దీనిని నిందింపనక్కరలేదు. కుళ్ళాయిపై జలతారు కుట్టిన పనివాని పేరును చరిత్ర నిలుపలేదు. యంత్రమునకు పేరే లేదు. సూది ఎవరిదైనను గుర్తునకు ప్రాణము పోయునది ధరించినవాడే.

ఆ ప్రాణమెట్టిదో పై కథలన్నియు ఒక్క మాటగా చెప్పుచున్నవి. శ్రీనాథుని తలపై కుళ్ళాయి సభాప్రవేశమునకు చెల్లించిన రుసుము. బ్రూటసు నాణెముపై టోపీ తాను తీర్పలేకపోయిన బాకీ. లూయీ తలపై ఎఱ్ఱ టోపీ బలవంతపు చేవ్రాలు. హరిసర్వోత్తమరావు గారి ఖైదీ టోపీ అవమానింపదలచి పెట్టినదైనను, ధరించినవాని తలయెత్తు చేత అది కిరీటమైనది. ద్వారముకడ నిలిచిన బాలికకు ఏ జలతారును లేకున్నను చేసిన పనియే బిరుదమైనది. పెట్టినవాడెవడనునది మొదటి ప్రశ్నయే గాని తుది ప్రశ్న గాదు. పెట్టుకొన్నవాడు ఏమి చేసెననునదే తుది ప్రశ్న.

గ్రంథాలయ సేవకుడు ధరించు టోపీపై కుట్టిన గుర్తు ఏదైనను అది ఋణపత్రము వంటిది. గడచిన సంవత్సరముల సంఖ్యను దానిపై కుట్టినవారు ఆ సంవత్సరములలో ఇంటింట తిరిగి చందా వసూలుచేసినవారిని, చినిగిన పుస్తకములకు అట్టలు కట్టినవారిని, సాయంకాలము దీపము వెలిగించి చదువురానివారికి పత్రిక చదివి వినిపించినవారిని ఆ దారముతో తలచుచున్నారు. వారు పెట్టిన ఖర్చే ఆ టోపీకి జమ. దానిని తలదాల్చు యువకులు ఉత్సవము ముగిసిన మరునాడు టోపీని చిలకకొయ్యకు తగిలించినను, పనిని మాత్రము తగిలింపకుందురు గాక! అప్పుడా గుర్తును చూచి ఎవ్వరును ఇది టోపీ వేయుట యని నవ్వజాలరు.